మందలో ఆమె జీవాలెన్ని?

పోయిన పుష్యమాసంలో పుంగనూరుకీ పలమనేరుకీ మధ్య ఒక చెనిక్కాయ చేనులో దిగిన గొర్రెల మంద దగ్గర రెండు రాత్రులు ఉన్నాను. చిత్తూరు పడమటి మండలాలు సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంటాయి. తిరుపతి చలికి సరిపోయే శాలువాతో వెళ్ళిన నాకు అక్కడి మంచు మొదటి రాత్రే బుద్ధి చెప్పింది. తెల్లవారుజామున నాలుగింటికి ఒకామె తను కప్పుకున్న కంబళి తీసి నా మీద కప్పి, సెల్‌ఫోను లైటు వేసుకుని మందలోకి వెళ్ళిపోయింది. ఈ వ్యాసం ఆమె గురించి. ఆమె పేరు రాయడం లేదు. ఆమె తగాదా ఇంకా తెగలేదు. ఆమె ఇంకా ఆ మందతోనే బతకాలి.

ఆమెకు నలభై ఏళ్ళుంటాయి. భర్త చనిపోయి రెండేళ్ళయింది. పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు అరణంగా ఆరు ఆడగొర్రెలు ఇచ్చారు. వాటిని భర్త మందలో కలిపారు. భర్తా, బావగారూ కలిసే మేపేవారు. ఇప్పుడామె తన వాటా అడుగుతోంది. "మంద ఒకటే మేడం. మందులకి పెట్టింది నేను, మేతకి అప్పు తెచ్చింది నేను. ఆమెకీ బిడ్డలకీ కూడు పెట్టకుండా ఉండామా? ఆ ఆరు గొర్రెలు ఎప్పుడో సచ్చిపోయినాయి" అన్నాడు బావగారు నాతో. ఆయన దుర్మార్గుడేమీ కాదు. రాత్రంతా నిద్రపోకుండా కుక్కల్ని కాచేది ఆయనే. మేతకు తెచ్చిన అప్పు కూడా నిజమే. అయినా ఆయన మాటలో ఒక పెద్ద అబద్ధం ఉంది. ఆ అబద్ధాన్ని ఆయన ఒక్కడే కల్పించలేదు. సంఘాల రిజిస్టర్లూ, ప్రభుత్వ కాగితాలూ, మనలాంటి పరిశోధకులూ అందులో భాగస్థులమే.

మంద దగ్గర పని ఎవరిది?

చెనిక్కాయ పీకేసిన చేలల్లో రైతులు గొర్రెల మందను కట్టించుకుంటారు. పగలంతా బీళ్ళలో, చెరువు కట్టల కింద మేసిన జీవాలు రాత్రి చేనులో పడుకుంటాయి. వాటి పెంటికా, మూత్రమూ నేలలో పడితే తర్వాత వేసే టమాటాకో, రాగికో అంతకు మించిన ఎరువు లేదని ఇక్కడ రైతులందరికీ తెలుసు. రాత్రికి ఇంత అని బేరం కుదుర్చుకుని మందను ఒక చేను నుంచి ఇంకో చేనుకు మారుస్తూ పోతారు. నేను చూసిన మంద మూడు కుటుంబాలది. దాదాపు రెండు వందల ఎనభై జీవాలు, ఐదుగురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు.

గొర్రెల కాపరి అనగానే మన కళ్ళ ముందు కనిపించేది భుజాన దోటి, తలకు గుడ్డ కట్టుకున్న మగమనిషి. ఆ మనిషి ఉన్నాడు. ఉదయం తొమ్మిదింటికి మందను తోలుకుని పోతాడు, సాయంత్రం వస్తాడు. ఆ తొమ్మిది గంటల ముందూ, సాయంత్రం తర్వాతా జరిగే పని ఎవరూ లెక్కపెట్టరు. గంపల కింద మూసిన పిల్లల్ని తీసి ఏ పిల్లను ఏ తల్లి దగ్గరికి వదలాలో చూడాలి. పిల్లను దగ్గరికి రానివ్వని తల్లిగొర్రెను కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుని పాలు తాగించాలి. తల్లి చచ్చిన పిల్లకు వేరే తల్లిని అలవాటు చెయ్యాలి. మేతకు పోలేని పిల్లలకు ఆకు కోసుకొచ్చి కట్టలు కట్టి వేలాడదియ్యాలి. మంద మారిన ప్రతిసారీ కొత్త చోట నీళ్ళెక్కడున్నాయో వెతకాలి. రాగిసంగటి కెలకాలి, ఊరిబిండి నూరాలి. ఇదంతా ఆ ఇద్దరు ఆడవాళ్ళే చేస్తున్నారు. ఊళ్ళో మిగిలిపోయిన ముసలివాళ్ళు, ఆడపిల్లలు ఇంటి దగ్గర మేకల్నీ, ఈనబోయే గొర్రెల్నీ చూస్తున్నారు. ఆ పని మంద లెక్కలోకి అసలే రాదు.

రెండో రోజు పొద్దున ఆమె ఒక గొర్రెను ఆపి దవడ కింద చెయ్యి పెట్టి చూసింది. అక్కడ మెత్తగా వాచి ఉంది. "నీరు దిగింది. చెరువంచున మేసింది గదా" అంది. కార్జంలో జలగ చేరితే దవడ కింద నీరు చేరుతుంది. ఆ జలగకు చెరువు అంచుల్లో ఉండే నత్తలే ఆధారం. పశువైద్య పుస్తకం చెప్పేదీ ఇదే. ఆమెకు చదువు రాదు. మందు తెచ్చి పొయ్యమని బావగారికి చెప్పింది. సాయంత్రం డాక్టరుతో ఫోనులో మాట్లాడింది ఆయన. జబ్బు పట్టుకున్నది ఆమె అని ఆ డాక్టరుకు తెలిసే అవకాశం లేదు. 1992లో మహిళా పశువైద్యులు ప్రారంభించిన 'ఆంత్ర' లాంటి సంస్థలు పశువుల విషయంలో స్త్రీలకున్న జ్ఞానాన్ని నమోదు చెయ్యడం మొదలుపెట్టి మూడు దశాబ్దాలు దాటింది. అయినా శిక్షణ తరగతికి కబురు వెళ్ళేది ఇంటి మగవాడికే.

మరో సంగతి. బయటున్న ఆడవాళ్ళు మందలోకి రాకూడదని వీళ్ళలో కట్టుబాటు ఉంది. అందుకే ఆడవాళ్ళు కాపరులు కాలేరని మగవాళ్ళు నాకు వివరించారు. ఆ మాట రెండో ఆమెకు, అరవై దాటిన పెద్దామెకు చెబితే నవ్వింది. "నడిరేత్రి గొర్రె ఈనలేక అరస్తాంటే మైలా లేదు, మడీ లేదు అమ్మణ్ణీ. అప్పుడు అందురూ నన్నే లేపుతారు." చాకిరీ చెయ్యడానికి అడ్డురాని మైల, హక్కు అడిగినప్పుడే ఎందుకు అడ్డొస్తుందో మనం ఆలోచించాలి.

ఆ పెద్దామే ఇంకో మాట కూడా చెప్పింది. ఆమె చిన్నతనంలో మంద కట్టినందుకు రైతులు రాగులు కొలిచేవాళ్ళట. ఆ రాగులు నేరుగా ఆడవాళ్ళ చేతికి, తొట్టిలోకి వచ్చేవి. ఇప్పుడు డబ్బులు. డబ్బులు మగవాళ్ళ జేబులోకి పోతాయి. కూలి ధాన్యం నుంచి నగదుకు మారడాన్ని మనం అభివృద్ధిగానే లెక్కవేస్తాం. ఆ మార్పులో ఇంట్లో ఎవరి చెయ్యి ఖాళీ అయిందో అడగడం మరచిపోతాం.

చెవి కోత

బావగారు "ఆ ఆరూ సచ్చిపోయినాయి" అన్న మాట ఆమెకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. మరుసటి ఉదయం మంద బయల్దేరేటప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకుని ఒక్కొక్క గొర్రె చెవి చూపించింది. కుడిచెవి కొసన చీలిక ఉన్నవి ఆమెవి. ఎడమచెవి అంచున అర్ధచంద్రంలా కోసినవి బావగారివి. అరణంగా వచ్చిన గొర్రెలు చనిపోవడం నిజమే, గొర్రె ఎన్నేళ్ళు బతుకుతుంది? కానీ వాటికి పుట్టిన ప్రతి పిల్లకూ ఆమె భర్త బతికున్నన్నాళ్ళూ ఆమె కోతే కోశాడు. ఆమె లెక్కపెట్టింది, నేనూ లెక్కపెట్టాను. నలభై ఒకటి.

ఆ నలభై ఒక్కటిలో రెండేళ్ళ లోపువి ఒక్కటీ లేవు. భర్త పోయిన తర్వాత ఆమె గొర్రెలకు పుట్టిన పిల్లలన్నిటికీ బావగారి కోత పడింది. ఎవరూ ఆమెను కొట్టలేదు, వెళ్ళగొట్టలేదు, వాటా లేదని పంచాయితీ తీర్పు చెప్పలేదు. కత్తి ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారింది, అంతే. ఇంకో ఐదారేళ్ళు ఇలాగే జరిగితే ఆ నలభై ఒక్కటీ అమ్ముడుపోతాయి, లేదా చస్తాయి. అప్పుడు మందలో ఆమెది ఒక్కటి కూడా ఉండదు. అందుకే ఆమె ఇంటి దగ్గర ఉండకుండా ఈ చలిలో మంద వెంట తిరుగుతోంది. "నాకు సదువు లేదక్కా. కోత ఉండాది గదా, అదే నా సంతకం. కళ్ళెదురుగా లేకపోతే అదీ పోతాది" అంది.

ఆ చెవులు చూస్తున్నప్పుడు నాకు ఎంతో దూరాన ఉన్న మరో పశుపోషక జాతి గుర్తొచ్చింది. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తర భాగాల్లో మంచు దుప్పుల్ని మేపుకుని బతికే సామీల గురించి నేను చదివాను. చలికాలంలో వాళ్ళ మందలు మంచును గిట్టలతో తవ్వి అడుగున ఉండే నాచులాంటి మేత తింటాయి. మంచు మీద వాన పడి గడ్డకట్టిందంటే ఆ మేత అందక దుప్పులు పస్తుంటాయి. వాతావరణం వేడెక్కేకొద్దీ ఈ బాధ ఎక్కువవుతోంది. వాళ్ళూ చెవి కోతతోనే ఎవరి జీవం ఎవరిదో గుర్తుపడతారు. ఆ సంప్రదాయంలో కోత ఇంటికొకటి కాదు, మనిషికొకటి. ఆడపిల్లకూ సొంత కోత, సొంత దుప్పులు ఉంటాయి. పెళ్ళయ్యాక కూడా అవి ఆమెవే.

ఆ హక్కును దెబ్బతీసింది సంప్రదాయం కాదు, చట్టం. స్వీడన్‌లో 1928 నాటి చట్టం ప్రకారం, దుప్పుల్ని మేపే హక్కు లేని మగవాణ్ణి పెళ్ళాడిన సామీ స్త్రీ తన హక్కు కోల్పోయేది. అలాంటి స్త్రీని చేసుకున్న సామీ పురుషుడికి మాత్రం ఏ నష్టమూ లేదు. నార్వేలో 1978 చట్టం మందల్ని యూనిట్లుగా విభజించి, ఒక్కో యూనిట్‌ను ఒక్కరి పేరున నమోదు చేసింది. ఆ ఒక్క పేరు చాలా ఇళ్ళలో భర్తదే అయింది. మందలో సొంత జీవాలున్న ఆడవాళ్ళు కాగితం మీద కాపరి భార్యలుగా మిగిలారు. భార్యాభర్తలిద్దరూ కలిసి వాటాకు బాధ్యులుగా ఉండవచ్చని 2007 చట్టంలో చేర్చారు. దాని వెనక స్త్రీల పోరాట చరిత్ర ఉంది. 1917 ఫిబ్రవరి 6న ట్రాండ్‌హైమ్‌లో సామీల మొదటి మహాసభను పూనుకుని జరిపినవాళ్ళలో ఎల్సా లౌలా రెన్‌బర్గ్ అనే మంత్రసానీ, ఆమె నడిపిన మహిళా సంఘమూ ముందున్నారు. ఆ తేదీనే సామీలు తమ జాతీయ దినంగా జరుపుకుంటున్నారు.

సామీల పరిస్థితీ మన గొల్ల, కురుబ స్త్రీల పరిస్థితీ ఒకటేనని నేను అనడం లేదు. అక్కడ ఒక ఆదివాసీ జాతి తన నేల కోసం రాజ్యాలతో తలపడుతోంది. ఇక్కడ కులం, అరణం, ఉమ్మడి కుటుంబం కలిసిన వేరే కథ. పోలిక ఒక్క చోటే ఉంది. పశుపోషణలో స్త్రీకి ఎంత సన్ననిదైనా ఒక సొంత హక్కు ఉంది. దాన్ని ప్రభుత్వం చూడకుండా ఒకే పేరు రాసుకుంటే, ఆ హక్కు ఎవరూ లాక్కోకుండానే పోతుంది.

కాగితం మీద ఎవరు?

ఇప్పుడు గొర్రె చెవికి కోతతో పాటు ఇంకో గుర్తు కూడా వస్తోంది. అది పశుసంవర్ధక శాఖ వేసే పసుపు రంగు ట్యాగు. దాని మీద 12 అంకెల సంఖ్య. ఆ సంఖ్య ఎదుట రిజిస్టరులో యజమాని పేరు ఉంటుంది. ఆ మందలో ట్యాగులున్న గొర్రెలు కొన్ని చూశాను. కుడిచెవికి ఆమె కోత, ఎడమచెవికి ట్యాగు. యజమాని ఎవరని రాశారు అని అడిగితే "బావ పేరే" అంది. బీమా వచ్చినా, నష్టపరిహారం వచ్చినా ఆయన ఖాతాకే వస్తుంది. గొర్రెల పెంపకందారుల సహకార సంఘంలో ఆమె భర్తకు సభ్యత్వం ఉండేది. ఆయన పోయాక ఆమె పేరు ఎక్కించమని అడిగితే, కొడుకు పెద్దవాడయ్యాక చూద్దామన్నారట. కొడుక్కి పదమూడేళ్ళు.

2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సహకార సంఘాల సభ్యులకు ఇచ్చారు. సంఘంలో ఎవరు ఉంటే జీవాలు వారివి. మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన జగనన్న జీవక్రాంతి పథకంలో 45 నుంచి 60 ఏళ్ళ వెనకబడిన కులాల, దళిత, ఆదివాసీ, మైనారిటీ స్త్రీల పేరున 14 గొర్రెలో మేకలో, ఒక పోతుతో కలిపి ఇవ్వాలన్నారు. స్త్రీ పేరు రాయడం ప్రభుత్వానికి చేతకాని పనేమీ కాదని ఇది చెబుతోంది. పేరు రాస్తేనే అధికారం వచ్చేస్తుందని కూడా అనుకోకూడదు. డ్వాక్రా సంఘాల అనుభవం మనకుంది. గొర్రెల కోసం తెచ్చిన అప్పు ఆమె పేరున, కిస్తీ ఆమె పేరున, సంతలో పొట్టేలు అమ్మిన డబ్బు మాత్రం ఆయన జేబులో. ఇది మనం ఎన్ని ఊళ్ళలో చూడలేదు?

నా సంగతీ చెప్పాలి. ఇరవై ఏళ్ళ కిందట పిహెచ్.డి. కోసం ఈ మండలాల్లోనే ఇంటింటి సర్వే చేశాను. నా ప్రశ్నావళిలో "కుటుంబ పెద్ద", "వృత్తి", "స్థిర చరాస్తులు" అనే గడులుండేవి. పశుపోషక కుటుంబాల్లో ఆడవాళ్ళ వృత్తి గడిలో "గృహిణి" అని నా చేత్తో రాశాను. జీవాలు ఎన్ని అని అడిగాను. ఎవరివి అని అడగలేదు. స్త్రీల అదృశ్య శ్రమ మీద ఒక అధ్యాయం కూడా రాసి డాక్టరేట్ తీసుకున్నాను. ఈసారి మంద దగ్గర ఆ ఫారాల సంగతి చెప్పినప్పుడు ఆమె అడిగింది. "మరి మా కోత యాడ రాసుకున్నావక్కా?" నా దగ్గర జవాబు లేదు. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కోటి 76 లక్షల గొర్రెలున్నాయి. దేశంలో తెలంగాణ తర్వాత ఎక్కువ గొర్రెలున్నది మన దగ్గరే. అందులో ఆడవాళ్ళవి ఎన్ని?

చట్టం ఆమె పక్షానే ఉంది

భూమి విషయంలో మనం చట్టాన్ని వాడడం నేర్చుకున్నాం. 1985 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర సవరణతో మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. అయితే ఉమ్మడి ఆస్తి అనగానే మనకు పొలం, ఇల్లే గుర్తొస్తాయి. చరాస్తి కూడా ఆస్తే. మంద కూడా ఆస్తే. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం స్త్రీకి పెళ్ళప్పుడు వచ్చిన చరాస్తి మీద కూడా సంపూర్ణ హక్కు ఆమెదే. అరణంగా వచ్చిన గొర్రె ఆమె సొంతమైతే, దానికి పుట్టిన పిల్ల ఇంకెవరిదవుతుంది? పైగా భర్త వాటాలో భార్యగా ఆమెకూ, పిల్లలకూ వచ్చే భాగం వేరే ఉంది. ఇదేదీ దయ కాదు.

మేత హక్కు సంగతి కూడా ఇంతే. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచున మేకలు తోలుకుపోయేది ఎక్కువగా ఆడవాళ్ళే. అడవి నుంచి తోలేస్తే మొదట నష్టపోయేదీ వాళ్ళే. 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, సంచార పశుపోషకులు కాలాన్ని బట్టి అడవిని వాడుకునే హక్కును సామూహిక హక్కులుగా గుర్తించింది. ఆదివాసులు కానివాళ్ళు మూడు తరాల నివాసం, అంటే 75 ఏళ్ళు రుజువు చూపాలన్న షరతు కష్టమైనదే. కానీ ఆ చట్టం కింద గ్రామసభ కోరంలో మూడో వంతు స్త్రీలు ఉండి తీరాలి. వ్యక్తిగత పట్టా ఇస్తే భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. మంద మీద హక్కుకు కూడా ఇదే సూత్రం ఎందుకు వర్తించకూడదు?

మనం చెయ్యగలిగినవి

ప్రభుత్వాన్ని అడగాల్సినవి మూడు. సహకార సంఘంలో భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా సభ్యత్వం ఇవ్వాలి. భర్త చనిపోతే సభ్యత్వం కొడుకు పెద్దయ్యేదాకా ఆగకుండా భార్యకు రావాలి. ట్యాగు వేసేటప్పుడు "ఇంటి యజమాని ఎవరు" అని కాక, "ఈ జీవం ఎవరిది" అని అడిగి ఆ పేరు రాయాలి. బీమా డబ్బు, పరిహారం ఆ పేరు మీదున్న ఖాతాకే చేరాలి.

ఎవర్నీ అడగకుండా మనమే చెయ్యగలిగినవీ ఉన్నాయి. పశుపోషకుల ఊళ్ళలో పెళ్ళి జరిగినప్పుడు అరణంగా ఎన్ని జీవాలు, ఏ కోత అన్నది తెల్లకాగితం మీద రాసి ఇద్దరి సాక్షి సంతకాలు తీసుకోవచ్చు. బంగారం లెక్క ఎలాగూ రాసుకుంటున్నారు. ఏడాదికొకసారి ఈతలయ్యాక సంఘం ఆడవాళ్ళు నలుగురు వెళ్ళి కోతల లెక్క రాసుకోవచ్చు. మనం చేసే సర్వేల్లో "జీవాలు ఎన్ని" అన్న గడి పక్కన "ఎవరివి" అన్న గడి పెట్టవచ్చు. పెళ్ళి కాని, భర్త పోయిన, భర్త వదిలేసిన స్త్రీల దగ్గర మొదలుపెడితే మేలు. అక్కడే హక్కు త్వరగా జారిపోతోంది.

ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. అదే 2026ను మహిళా రైతుల సంవత్సరంగానూ ప్రకటించింది. రెండింటికీ వేర్వేరు సభలు, వేర్వేరు బ్యానర్లు. పశుపోషకుల సభలో ఆడవాళ్ళ మాట రాదు, మహిళా రైతుల సభలో గొర్రెల మాట రాదు. మంచులో మంద వెంట తిరిగే ఆ మనిషి ఏ సభలో కూర్చోవాలి?

నన్ను అక్కడికి తీసుకెళ్ళిన స్థానిక మహిళా సంఘం కార్యకర్త ఆ తర్వాత ఊరి పెద్దల్ని రెండుసార్లు కూర్చోబెట్టింది. నలభై ఒకటీ ఆమెవేనని బావగారు ఒప్పుకున్నాడు. భర్త పోయాక పుట్టిన పిల్లల సంగతి తేలలేదు. ఆమె పేరు సంఘం రిజిస్టరులో ఇంకా ఎక్కలేదు. ఆ కార్యకర్త మాత్రం ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని మొదలుపెట్టింది. పేజీకొక స్త్రీ. పేరు, ఊరు, అరణంగా వచ్చినవి ఎన్ని, ఇప్పుడున్నవి ఎన్ని. సంతకం ఉండాల్సిన చోట పెన్నుతో గీసిన గొర్రె చెవి, దాని మీద ఆమె కోత. నేను చూసేసరికి పదిహేడు పేజీలు నిండాయి.

మీ ప్రాంతంలో జీవాల మీద ఆడవాళ్ళకు ఇలాంటి సొంత గుర్తులు, కట్టుబాట్లు ఉన్నాయేమో కనుక్కోండి. తెలిసినవి పత్రికకు రాయండి. భూమి పట్టాల దగ్గర మనం ఆలస్యంగా మేలుకున్నాం. ఇక్కడ ఆలస్యం చేస్తే రాసుకోవడానికి కోతలే మిగలవు.